నిలువు తొట్టి, అడ్డం తొట్టి

పోయిన నెల మా తమ్ముడు భిలాయి నుంచి ఫోన్ చేశాడు. వాడు రిటైరై, నాన్న తరవాత వాడి పేరుకు మారిన మా పాత క్వార్టర్ ఖాళీ చేస్తున్నాడు. "దీదీ, పెరట్లో జామచెట్టు వెనకాల ఏదో ఇనప చట్రం ఉంది. తుప్పు పట్టిపోయింది. పాత ఇనుము కొనే కబాడీవాడు గుమ్మంలోనే నిలబడ్డాడు, ఇచ్చేయమంటావా?" అన్నాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు కాబట్టి వాడికి నేను అక్కను కాను, దీదీనే. "దాన్ని ముట్టుకున్నావంటే నీ పని చెప్తాను. ఆ కబాడీవాణ్ణి పంపించి గేటు వేసెయ్. నేను వస్తున్నాను" అన్నాను. తుప్పు కోసం విశాఖపట్నం నుంచి వస్తావా అని పగలబడి నవ్వాడు. వస్తానన్నాను, వెళ్ళాను, తెచ్చాను. మోకాళ్ళ నొప్పులతో నేనొక్కదాన్నే రైలెక్కి, ఆ చట్రానికి గోనెపట్టా చుట్టించి, టీసీతోనూ పోర్టరుతోనూ గొడవపడి మరీ తెచ్చానంటే మా కోడలు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటోంది. నేను మొండిదాన్ని. చిన్నప్పుడూ అంతే, ఇప్పుడు కొత్తగా మారేది ఏముంది?

ఇంటికి తెచ్చేసరికి మా మనవరాలు ఒక ఎర్రచేపను కొనుక్కొచ్చి పెట్టింది. గుండ్రటి గాజు గిన్నెలో, దోసెడు నీళ్ళలో అది అటు తిరుగుతోంది, ఇటు తిరుగుతోంది. "ఇదేమిటే, ఆవకాయ జాడీలో సగం కూడా లేదు?" అన్నాను. "షాపులో అంకుల్ చెప్పాడు నానమ్మా, అదే అడ్జస్టయిపోతుందట" అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఆ మాట నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అది మా నాన్న మాట.

మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో వెల్డరు. విజయనగరం వైపు పల్లెటూరి నుంచి మొదటి కొలిమి ఇంకా లేస్తుండగానే వచ్చి చేరాడు. మనిషి నల్లగా, పొట్టిగా, పిడికిలిలా గట్టిగా ఉండేవాడు. మంచివాడు, ఎవరికీ లేదనలేడు. ఆయన ఏ సమస్యకైనా చెప్పే మందు ఒకటే, "సర్దుకుంటాదిలే". అన్నం తక్కువైతే సర్దుకుంటాది. వాన కురిసి వంటింటి కప్పు కారితే సర్దుకుంటాది. ఊరి నుంచి ఎవరైనా ఇనప పెట్టె నెత్తిన పెట్టుకుని "అన్నా, ప్లాంటులో ఏదైనా పనిప్పించు" అంటూ వస్తే, వాడు గుమ్మంలో చెప్పులు విప్పకముందే సర్దుకుందాం రారా అనేవాడు. ఆ రోజుల్లో మా సెక్టార్ టూలో ఆంధ్రావాళ్ళ క్వార్టర్లన్నీ అంతే. ఒకడికి ఉద్యోగం దొరికితే వాడి వెనకాల సగం ఊరు వచ్చేది. ఉద్యోగం దొరికేదాకా అన్న ఇల్లు, దొరికాక కూడా అన్న ఇల్లే.

మాది ముందుగది, లోపలిగది, వంటిల్లు, వెనక పెరడు. ముందుగదిలో గోడవారగా ఒక నులకమంచం ఉండేది. దాని మీద ముగ్గురు పడుకునేవారు. ఒక్కసారే కాదు లెండి, వంతుల మీద. మా సూరి చిన్నాన్న ఒక షిఫ్టు, రాజు చిన్నాన్న ఇంకో షిఫ్టు, మా ఊరి అప్పన్న మరో షిఫ్టు. ఒకడు లేచి డ్యూటీకి వెళ్తే ఇంకొకడు చొక్కా విప్పి అదే దుప్పటి కప్పుకునేవాడు. ఆ మంచం చల్లారగా నేను చూడలేదు. గ్రీజు, బీడీ పొగ, కాలిన ఇనుము, చెమట కలిసిన వాసన ఒకటి ఆ గదిలో ఎప్పుడూ ఉండేది, ఇవాళ్టికీ ఏ వెల్డింగు షాపు ముందునుంచి వెళ్ళినా నాకు ఆ మంచమే గుర్తొస్తుంది. ఈ ఏర్పాటంటే మా నాన్నకు ఎంత గర్వమో. "సూడండి, ఒక్క మంచం, ముగ్గురు మగాళ్ళు! ఎవడికీ లోటు నేదు" అని వచ్చినవాళ్ళకు చూపించేవాడు.

లోటు ఎవరికి ఉండేదో ఆయనకు కనబడేది కాదు. పగలు ఎవడో ఒకడు నైట్‌షిఫ్టు చేసొచ్చి పడుకుని ఉండేవాడు కదా, ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. నేను పాఠం పైకి చదవకూడదు. అమ్మ పసివాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని, వాడు ఏడుపు ఎత్తుకుంటే నోరు మూసి పెరట్లోకి పరుగెత్తేది. వంటింట్లో బొగ్గుల సిగిడీ పొద్దున రాజేస్తే ఆరే సమయం ఉండేది కాదు. సైరన్ మోగితే ఒకళ్ళకు కేరియరు కట్టాలి, ఇంకొకళ్ళకు వేడినీళ్ళు పెట్టాలి, మూడోవాడికి అన్నం వడ్డించాలి. అమ్మ కూర్చుని తినడం నేను చూసిన గుర్తు లేదు. సిగిడీ ముందు గొంతుక్కూర్చుని, చింతపండు పులుసులో ఎండుచేప ముక్క నంజుకుంటూ, ఒక చెవి ముందుగది వైపు వేసి తినేది. నా చదువంతా పెరట్లో బట్టలుతికే బండ మీద. ఎండాకాలం అయితే ఆ బండ కూడా కాలిపోయేది.

అలాంటి ఇంట్లోకి నాన్న చేపలను తెచ్చాడు. ప్లాంటు కట్టించడానికి వచ్చిన రష్యా ఇంజనీరు ఒకాయన కుటుంబంతో తమ దేశం వెళ్ళిపోతుంటే సామాను పెట్టెలకు మేకులు కొట్టడానికి మా నాన్న వెళ్ళాడు. వాళ్ళింట్లో పెద్ద గాజుతొట్టి ఉండేదట. దాన్ని ఎవరో పట్టుకుపోయారు. చేపలు మాత్రం మిగిలిపోయాయి. ఆ దొరసాని కళ్ళనీళ్ళు పెట్టుకుని వాటిని ఒక గాజు జాడీలో పోసి, పిల్లలున్నారా అని సైగ చేసి, నాన్న చేతిలో పెట్టిందట. సైకిలు హ్యాండిలు ఒక చేత్తో, జాడీ ఒక చేత్తో పట్టుకుని, చొక్కా అంతా తడిసి నాన్న వీధి మలుపు తిరగడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. నాలుగు చేపలు. రెండు నిప్పులా ఎర్రవి, ఒకటి తెలుపూ ఎరుపూ, ఒకటి పూర్తిగా నల్లది. అమ్మ పీట మీంచి లేచి వచ్చి జాడీలోకి తొంగిచూసి, "ఓలమ్మ! ఇయ్యి పులుసుకా, ఏపుడుకా?" అంది. "పెంచుకోడానికే" అన్నాడు నాన్న. "పెంచుకోడానికా? సేపల్ని?" అని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు, ఆ ఇంట్లో అంత నవ్వు నేను అంతకు ముందు వినలేదు.

ఆ జాడీలో అవి బతకవని నాకు రెండోరోజే తెలిసిపోయింది. నాలుగూ పైకొచ్చి, నోళ్ళు నీళ్ళ అంచుకు పెట్టి, గుటకలు మింగినట్టు గాలి మింగుతూ ఉండేవి. కుళాయి నీళ్ళు పట్టగానే పోస్తే ఇంకా ఘోరం, బ్లీచింగు వాసన. అందుకని బకెట్లో ఒక పూట నిలవ ఉంచి పోసేదాన్ని. ఎంత చేసినా తెల్లారేసరికి మళ్ళీ అన్నీ పైనే. "నాన్నా, వీటికి సోటు సాల్దు" అంటే, "సర్దుకుంటాయిలే" అన్నాడు. సర్దుకోలేదు. తెలుపూ ఎరుపూ చేప ఒక పొద్దున వెల్లకిలా తేలింది. దాన్ని జామమొక్క మొదట్లో పాతిపెట్టి ఆ రోజు బడికి వెళ్ళలేదు, అన్నం తినలేదు, మాట్లాడమంటే మాట్లాడలేదు. మా నాన్న నన్ను కొట్టడు, నా మౌనానికి మాత్రం భయపడతాడు. మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా పట్టాల అవతల ఖుర్సీపార్‌లో తన స్నేహితుడి వెల్డింగు దుకాణానికి వెళ్ళి, ఇనప యాంగిల్ కడ్డీలు కోసి, అతికించి, అద్దాలు బిగించి, ఆదివారానికల్లా తొట్టి తెచ్చాడు.

ఎంత అందంగా ఉందనుకున్నారు! నా ఛాతీ దాకా ఎత్తు. వెడల్పు మాత్రం రెండు జానలు, ఎందుకంటే మంచం కోడుకూ ఇనప పెట్టెకూ మధ్య ఉన్న సందు అంతే. ఆ సందు కొలత తీసుకుని, చోటు పక్కకు లేకపోతే పైకి లేపాడు. ప్లాంటులో పనిచేసే మనిషికి అది సహజం. అక్కడ కొలిమి నిలువు, చిమ్నీ నిలువు, నీళ్ళ ట్యాంకు నిలువు. "జాడీకి ఎన్ని రెట్లో సూడు, బకెట్లకి బకెట్లు పడతన్నాయి! ఇంకేటి కావాల?" అన్నాడు. వీధిలోవాళ్ళందరూ వచ్చి చూసి భలే ఉంది భయ్యా అన్నారు. నేనూ ఎగిరి గంతేశాను. అన్ని నీళ్ళలో పోసినా ఆ మూడు చేపలూ మళ్ళీ పైకే వచ్చాయి. అడుగు సగం ఖాళీ. పై అంచున రెండు జానల చోటులో మూడూ మూతులు పెట్టుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుటకలు. ఫాల్గుణం దాటి ఎండ ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువైంది. నాకు అర్థం కాలేదు. ఇన్ని నీళ్ళుండగా ఇదేం రోగం?

అర్థమైంది తొట్టి కడిగిన రోజున. నీళ్ళు తోడేసి, అమ్మ బియ్యం కడిగే పెద్ద అల్యూమినియం బేసినులో కాసేపు వాటిని వదిలాను. వెడల్పు బేసిను. నీళ్ళు చేతి మణికట్టు మునిగేంత లోతే. నేను తొట్టి తోముతున్నాను, తోముతున్నాను, ఎంతకీ వాటి చప్పుడు లేదు. చచ్చిపోయాయేమోనని తిరిగి చూశాను. అవి బేసిను అడుగున నెమ్మదిగా, తీరుబడిగా తిరుగుతున్నాయి. ఒక్కటీ పైకి రావడం లేదు. నీళ్ళు తక్కువ, ఊపిరి ఎక్కువ! అప్పుడు బుర్రకు తట్టింది, గాలి నీళ్ళలోకి దిగేది పైనుంచే కదా, పై ముఖం ఎంత వెడల్పుంటే అంత దిగుతుంది. ఎత్తుతో ఏమొస్తుంది? చేపలకు కావలసింది నిలువు తొట్టి కాదు, అడ్డం తొట్టి. పొడుగ్గా, వెడల్పుగా, పొట్టిగా. అది కనిపెట్టిన సంతోషం కాసేపే. అడ్డం తొట్టి పెట్టడానికి ఆ ఇంట్లో గోడ ఏది? ఉన్న ఒక్క గోడవార మంచం ఉంది.

ఆ వారంలోనే నా నెత్తిన ఇంకో పిడుగు పడింది. సూరి చిన్నాన్నకు పెళ్ళి కుదిరింది. వేసవిలో ముహూర్తం. కొత్త పెళ్ళికూతురు వస్తే లోపలిగది వాళ్ళకివ్వాలి. అప్పుడు మేమెక్కడ పడుకోవాలి? నాన్న అన్నం కలుపుకుంటూ, మామూలు విషయం చెప్పినట్టు చెప్పాడు. "పరీచ్చలయ్యాక సీతాల్ని మావయ్య ఊరికి పంపేద్దుం. ఆడపిల్ల, మేనమావ కాడుంటే ఏటి? సోటూ కలిసొస్తాది." మా మావయ్యది రాజాం దగ్గర పల్లె. అక్కడ ఐదో క్లాసు దాటితే బడి లేదు. నేను అప్పటికే ఏడు చదువుతున్నాను. బడి లేని ఊళ్ళో, మావయ్య కొడుకు ఉన్న ఇంట్లో, పన్నెండేళ్ళు దాటిన పిల్ల ఎందుకుంటుందో, ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. "నేనెల్లను" అన్నాను. "సర్దుకుంటావులే తల్లీ" అన్నాడు నాన్న. ప్రేమగానే అన్నాడు, అదే నా బాధ. "మరి నా సేపలు?" అంటే, "నువ్వెల్లిపోతే వాటినెవులు సూస్తారు? ఎవులికో ఇచ్చేద్దుం" అన్నాడు. అమ్మ వైపు చూశాను. అమ్మ ఆయన కంచంలో మజ్జిగ పోసింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే పని జరగదని ఆ వయసుకే తెలుసు. ముందు చేపల సంగతి తేల్చాలనుకున్నాను. ఎందుకో చెప్పలేను గానీ, ఆ చేపలకు చోటు దొరికితే నాకూ దొరుకుతుందని మొండిగా నమ్మాను. రోజూ నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆయన చెప్పులు విప్పేలోపే మొదలుపెట్టేదాన్ని. "నాన్నా, అడ్డం తొట్టి కావాలి." మొహం కడుక్కుంటుంటే తువ్వాలు ఇస్తూ, "నాన్నా, ఇంత పొడుగు, ఇంత వెడల్పు." టీ తాగుతుంటే బేసినులో చేపలను తెచ్చి ముందు పెట్టి, "ఇప్పుడు సూడు, పైకొత్తన్నాయా?" చివరికి ఆయన విసిగిపోయాడు. ఆ రోజు వీక్లీ ఆఫ్‌లు కలిసొచ్చి ముగ్గురు మగవాళ్ళూ ఇంట్లోనే ఉన్నారు. సూరి చిన్నాన్న మంచం మీద, మిగతా ఇద్దరూ గుమ్మంలో. నాన్న గట్టిగానే అరిచాడు.

"ఒలే సీతాలూ! సాల్దు, సాల్దు అంటావేటే? ఈ మంచం సూడు. ముగ్గురు దీనిమీదే తొంగుంటన్నారు. ఒకడు డూటీకెల్తే ఒకడొస్తాడు. ఎవుడికైనా సాల్లేదా? సేపలూ అలగే. ఒకటి పైకొస్తే ఒకటి కిందికెల్తాది. వంతులేసుకుంటాయి. గుప్పెడు సేపలకి అంత తొట్టి ఎందుకు సాల్దే?"

"మంచమ్మీదోళ్ళు డూటీకెల్తారు నాన్నా," అన్నాను. "సేపలకి డూటీ నేదు. అవెప్పుడూ ఇంట్లోనే ఉంటాయి."

సూరి చిన్నాన్న ఫక్కున నవ్వాడు. నాన్న కూడా నవ్వబోయాడు. వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ తడిచేతులతోనే గడప దాకా వచ్చింది. "ఏటన్నావే? ఇంకోపాలి సెప్పు" అంది. నన్ను తిడుతుందేమోననుకున్నాను. అయినా చెప్పాను. చేపలకు డ్యూటీ లేదు, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాయి.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "నాకూ డూటీ నేదండీ" అంది. గొంతు పెంచలేదు. "నానూ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను. ఈ సీతాలు గుంటా ఇంట్లోనే ఉంటాది. రేపొచ్చే సూరి పెళ్ళాం కూడా ఇంట్లోనే ఉంటాది. మీ మంచానికి వంతులున్నాయి, మాకేటి వంతులున్నాయి? సోటు సాలకపోతే ఇంట్లో ఉండేవోళ్ళనేటి బయటికి పంపేది?"

"ఏటే, నా తమ్ముల్ని ఎల్లగొట్టమంటావేటి?" నాన్న లేచి నిలబడ్డాడు.

"ఎల్లగొట్టమన్నేదు. పక్క మార్సమన్నాను. కూడు నానే ఒండుతాను, ఇన్నాళ్ళూ ఒండనేదా? తొంగోడానికి వేరే గది సూసుకుంటారు. నా కూతురు మాత్రం ఈ గడప దాటదు, దాని సదువు ఇక్కడే." అంతే. మళ్ళీ లోపలికి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కేరియరు కూడా తీసుకోకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మ దాన్ని సూరి చిన్నాన్న చేతికిచ్చి వెనకాలే పంపింది. చిన్నాన్న తలొంచుకుని, "వదినా, మీకిలగ ఇరుకని నాకెవుడూ సెప్పనేదు" అన్నాడు. "నాకే నిన్నటిదాకా తెలీదు బాబూ" అంది అమ్మ.

ఆ తరవాత అమ్మ చేసిన పని ఇప్పుడు తలుచుకున్నా నాకు గర్వం పొంగుకొస్తుంది. పెళ్ళయి వచ్చిన దగ్గరనుంచీ సెక్టార్ దాటి ఒంటరిగా వెళ్ళి ఎరగని మనిషి, ఉతికిన చీర కట్టుకుని, తమ్ముణ్ణి చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఖుర్సీపార్‌కు నడిచింది. పట్టాలు దాటింది, ఎక్కడా ఆగలేదు. హిందీ రాదు. తెలుగు మాట వినబడ్డ గుమ్మమల్లా ఎక్కి గది ఉందా అని అడిగింది. బొబ్బిలి వైపు ముసలమ్మ ఒకావిడ తన వాటాలో గదులు చూపించబోతూ, "ఎంతమందమ్మా?" అంది. "ముగ్గురు మగాళ్ళు, రేపొచ్చే పెళ్ళికూతురు" అంది అమ్మ. "మగాళ్ళకేటి, షిఫ్టులోళ్ళు, ఆ వసారా గది సాలు" అని ముసలమ్మ ఒక ఇరుకుగది తలుపు తీసింది. అమ్మ లోపలికి అడుగు కూడా పెట్టలేదు. "ఇది కాదు పెద్దమ్మా. మగాళ్ళు వత్తారు, ఎల్తారు. ఆ పిల్ల పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాది. దానికి సాలే గది సూపించు, గాలాడేది" అంది. నేను అమ్మ మొహం వైపే చూస్తూ నిలబడ్డాను. నా చేపల కొలత అది.

వారం తిరక్కుండానే సూరి చిన్నాన్న ఆ నులకమంచాన్ని తలకెత్తుకుని, "వదినా, ఇదీ నా కట్నమే" అని నవ్వుతూ ఖుర్సీపార్ దారి పట్టాడు. రాజు చిన్నాన్నా అప్పన్నా పెట్టెలెత్తుకుని వెనకాలే నడిచారు. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి ముందుగది ఖాళీ. సున్నం గోడ మీద ఇన్నేళ్ళ తలనూనె మరకలు, గచ్చు మీద నాలుగు మంచంకోళ్ళ గుర్తులు. ఆయన చెప్పులు విప్పి, మంచం ఉన్న చోట గోడకానుకుని కూర్చుండిపోయాడు. మూలనున్న నిలువు తొట్టిని చూస్తూ, "ఒలే సీతాలూ" అని పిలిచాడు. "దీన్ని పడుకోబెడితే?"

అద్దాలు ఊడదీశాడు. చట్రాన్ని మంచం ఉన్న చోట అడ్డంగా పడుకోబెట్టాడు. ఒక పక్కను తెరిచి పైముఖం చేశాడు, మునుపు పైనున్న మూతిని మూసి కొత్త అద్దాలు బిగించాడు. అదే ఇనుము, అవే నీళ్ళు. చేపలను వదిలాం. నేనూ నాన్నా గచ్చు మీద బోర్లా పడుకుని చూస్తున్నాం. ఎర్రవి రెండూ అడుగుదాకా దిగాయి, నల్లది ఈ చివరినుంచి ఆ చివరికి తీరిగ్గా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. పైకి ఒక్కటీ రాలేదు. "వత్తన్నాయేటి పైకి?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది. "రానేదు" అన్నాడు నాన్న. అంత చిన్నగొంతుతో ఆయన మాట్లాడడం నేను ఎరగను. ఆ వేసవిలో సూరి చిన్నాన్న పెళ్ళికి అందరం ఊరు వెళ్ళాం, పక్కింటి వాళ్ళకు చేపలను అప్పజెప్పి. అందరితోపాటు నేనూ తిరిగి వచ్చాను. ఎనిమిదో క్లాసు చదివాను, ఆ పైన ఇంకా చాలా చదివాను, చదువు చెప్పాను. ఆ తొట్టి పక్కన కూర్చుని పైకే చదివేదాన్ని.

ఇప్పుడు మా ఫ్లాటులో గదికో మంచం, మంచానికో ఫ్యాను. పగలంతా అందరూ డ్యూటీల్లోనే ఉంటారు, ఇంట్లో ఉండేది నేనూ ఆ చేపా. మనవరాల్ని వెంటబెట్టుకుని చేపల షాపుకు వెళ్ళాను. అతను ఎన్ని లీటర్లు, ఎన్ని అంగుళాలు అని ఏవో లెక్కలు చెప్పాడు, అందమైనవని నిలువు తొట్లు చూపించాడు. "బాబూ, లోతు సంగతి తరవాత. పై ముఖం వెడల్పు చూపించు. ఇది ఇప్పుడు వేలెడుంది, రేపు అరచెయ్యంత అవుతుంది, ఆ అరచెయ్యికి చాలేది చూపించు. పైగా ఇది ఎక్కడికీ వెళ్ళదు, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. చివరికి అక్కడేదీ నచ్చక, ఆ పాత చట్రానికే తుప్పు గీకించి, రంగు వేయించి, అద్దాలు బిగించమని ఇచ్చాను. ఎక్కడ పెడతారత్తయ్యా అని కోడలు అడిగింది. టీవీ ఎత్తించమన్నాను. ఎత్తించారు.

భిలాయి పెరట్లో ఆ చట్రాన్ని గోనెపట్టాలో చుట్టిస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం చేపలు కాదు. నాన్న రిటైరైన కొత్తలో సెలవులకు వెళ్ళాను. జీవితమంతా సైరన్ వినగానే లేచి పరుగెత్తిన మనిషి, ఇప్పుడు సైరన్ మోగితే ఉలిక్కిపడి లేచి, మళ్ళీ కూర్చునేవాడు. ముందుగదిలోంచి లోపలిగదికి, అక్కణ్ణుంచి పెరట్లోకి, మళ్ళీ ముందుగదికి. అమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆమెను దాటి వెళ్ళబోయి, గోడకు మోచెయ్యి తగిలించుకుని, నాన్న ఆగిపోయాడు. చుట్టూ చూశాడు, ఆ ఇంటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"ఏటే, ఈ ఇల్లు ఇంత సిన్నదా?" అన్నాడు.

అమ్మ చేటలోంచి తలెత్తలేదు. ఒక మట్టిబెడ్డ ఏరి పెరట్లోకి విసిరింది. చేట ఒళ్ళోకి తీసుకుని, ఆయన కూర్చోడానికి గడప మీద కాస్త పక్కకు జరిగింది.

"సర్దుకోండి," అంది.